టీవీ వార్తల తెర: అక్షరం, అంకె, పటం

టీవీ వార్తల్లో దృశ్యం మీదా, పక్కనా, కిందా కనిపించే రాతలనూ అంకెలనూ పటాలనూ కలిపి గ్రాఫిక్స్ అంటారు. న్యూస్‌రూముల్లో వాడుక పేరు జీఎఫ్‌ఎక్స్. యాంకర్ గొంతు వినపడని చోట ఇవే మొత్తం వార్త. కర్నూలు జిల్లా ఆదోని మార్కెట్ యార్డు దగ్గర బండ్ల రొద, బేరాల సందడి మధ్య దుకాణంలో నడిచే టీవీని, ఎమ్మిగనూరులో హోటల్ గోడకు తగిలించిన టీవీని చూసేవాళ్లు వినేదానికన్నా చదివేదే ఎక్కువ. పత్తి ధర, తుంగభద్ర నీటిమట్టం, వాన హెచ్చరిక, ఓట్ల ఆధిక్యం వాళ్లకు చేరేది అక్షరంగా, అంకెగానే. తెర మీది రాత అలంకారం కాదు, వార్తే. వార్తకున్న బాధ్యత అంతా దానికీ ఉంటుంది.

తెర మీద ఏది ఎక్కడ

పై మూలలో చానల్ లోగో, గడియారం ఉంటాయి. ప్రత్యక్ష ప్రసారమైతే 'లైవ్' గుర్తు, దాని పక్కన ఊరి పేరు కనిపిస్తాయి. తెర కింది మూడో వంతులో మాట్లాడే మనిషి పేరు, హోదా చెప్పే పట్టీ వస్తుంది. న్యూస్‌రూముల్లో దీన్ని ఆస్టన్ అంటారు. అక్షరాలు కూర్చే యంత్రాలు తయారుచేసిన బ్రిటిష్ కంపెనీ పేరది. అమెరికాలో ఇదే పట్టీకి కైరాన్ అనే మరో కంపెనీ పేరు స్థిరపడింది. అన్నిటికన్నా కింద కుడి నుంచి ఎడమకు జరిగే వరుస స్క్రోలింగ్. అప్పటికప్పుడు అందిన వార్తకు బ్రేకింగ్ ప్లేటు పడుతుంది. విలేకరి ఫోన్‌లో మాట్లాడుతుంటే ఆయన ఫొటో, ఊరి పటం ఉన్న ఫోనో ప్లేటు వస్తుంది. పట్టికలు, పటాలు తెరంతా నిండితే అది ఫుల్ ఫ్రేమ్. చర్చల్లో ఒక్కొక్కరికి ఒక విండో, యాంకర్ వెనక వీడియో వాల్ ఉంటాయి.

ఇన్నిటికీ చోటు ఒక్కటే. హెచ్‌డీ తెర వెడల్పు 1,920 పిక్సెళ్లు, ఎత్తు 1,080 పిక్సెళ్లు. కొన్ని టీవీ సెట్లు అంచులను కత్తిరించి చూపుతాయి కాబట్టి నాలుగు వైపులా 5 శాతం వదిలి లోపలే అక్షరాలు వేయాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. అంటే పక్కల 96 పిక్సెళ్లు, పైనా కిందా 54 పిక్సెళ్లు రాతకు పనికిరావు. మిగిలినదాంట్లో పట్టీలు పెరిగేకొద్దీ అసలు దృశ్యం కుంచించుకుపోతుంది.

కార్డు ముక్క నుంచి కంప్యూటర్ దాకా

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం పుట్టకముందే కర్నూలు జిల్లా పల్లెలు టీవీ చూశాయి. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో నడిపిన సైట్ ప్రయోగం ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందించింది. ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైన జిల్లాల్లో కర్నూలు ఒకటి. పొరుగున కర్ణాటకలో రాయచూరు కూడా ఆ జాబితాలో ఉంది.

హైదరాబాద్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. 1983 నవంబరు 14న శాంతి స్వరూప్ తొలి తెలుగు వార్తలు చదివారు. అప్పటికి టెలిప్రాంప్టర్ కూడా లేదు. ఆ తరం టీవీలో అక్షరాలంటే చిత్రకారుడు చేత్తో రాసిన కార్డులే. నల్ల అట్ట మీద తెల్ల అక్షరాలు రాసి, ఒక కెమెరాతో తీసి, రెండో కెమెరా దృశ్యం మీద కలిపేవారు. అక్షరాలు కూర్చే యంత్రాలు వచ్చాక టైపు చేస్తే చాలన్న స్థితి ఏర్పడింది.

1995లో ఈటీవీ రాకతో ప్రైవేటు తెలుగు వార్తలు ఇళ్లలోకి వచ్చాయి. 2003 చివర ఈటీవీ-2, 2004లో టీవీ9 వచ్చాక వార్త రోజంతా నడవడం మొదలైంది. ఏ నిమిషంలో టీవీ పెట్టినా ముఖ్యాంశాలు తెలియాలి కాబట్టి స్క్రోలింగ్ శాశ్వతంగా నిలిచిపోయింది. అమెరికాలో ఈ మార్పు 2001 సెప్టెంబరు 11 దాడుల రోజున జరిగింది. ఆ రోజు వార్తా చానళ్లు మొదలుపెట్టిన జరిగే వరుస తర్వాత కూడా కొనసాగింది.

ఆదోని నుంచి వెళ్లి ఆదోనికి

ఆదోని విలేకరి పంపే వార్త, వీడియో ఫోన్‌లోనే డెస్కుకు చేరతాయి. ఇన్‌పుట్ డెస్కు వార్తను అందుకుంటుంది, అవుట్‌పుట్ డెస్కు దాన్ని ఏ రూపంలో చూపాలో తేలుస్తుంది. గ్రాఫిక్స్ విభాగం ప్రతి వార్తకూ కొత్తగా బొమ్మ గీయదు. రంగు, అక్షరాల సైజు, కదలిక ముందే కుదిర్చిన టెంప్లేట్లు సిద్ధంగా ఉంటాయి. ఊరు, పేరు, అంకె నింపితే ప్లేటు తయారు. నార్వేలో పుట్టిన విజార్ట్, మన దేశంలో తయారైన వాస్ప్‌త్రీడీ వంటి వ్యవస్థలు ఈ పని చేస్తాయి.

నింపిన ప్లేటు పీసీఆర్ అనే నియంత్రణ గదిలో దృశ్యంతో కలుస్తుంది. గ్రాఫిక్స్ యంత్రం అక్కడికి రెండు సంకేతాలు పంపుతుంది. ఒకదానిలో అక్షరాల రూపం, రంగు ఉంటాయి. రెండోది నలుపు తెలుపు ముసుగు. ముసుగు తెల్లగా ఉన్నచోట అక్షరం, నల్లగా ఉన్నచోట కెమెరా దృశ్యం, బూడిద రంగులో ఉన్నచోట రెండూ కలిసి కనిపిస్తాయి. పట్టీ వెనక దృశ్యం లీలగా కనపడటానికి కారణం ఇదే.

వేగం టెంప్లేటు వల్ల వస్తుంది. తప్పూ అదే వేగంతో వస్తుంది. హొళగుంద, కౌతాళం, పెద్దకడబూరు, గోనెగండ్ల వంటి పేర్లు ఎక్కడో దూరాన కూర్చున్న ఉద్యోగికి కొత్త కావచ్చు. మండలాల పేర్లు సరైన రూపంలో ముందే వ్యవస్థలో ఎక్కించి, జాబితా నుంచి ఎంచుకునేలా చేస్తే ఈ తప్పు చాలావరకు తప్పుతుంది. తన ఊరి పేరు తప్పుగా చూసిన మనిషి మిగతా వార్తనూ నమ్మడు.

తెలుగు అక్షరానికి కావలసిన చోటు

తెలుగు రాతకు నిలువునా మూడు అంతస్తులు కావాలి. పైన తలకట్టులూ గుడులూ, మధ్యలో అక్షరం, కింద ఒత్తులు. 'రాష్ట్రం' వంటి మాటలో రెండు ఒత్తులు చేరతాయి. అందువల్ల ఇంగ్లిష్‌కు సరిపోయే పట్టీలోనే తెలుగు వేస్తే అక్షరం చిన్నదైపోతుంది, లేదా ఒత్తు పట్టీ అంచుకు తగిలి తెగిపోతుంది. తెలుగు చానల్ పట్టీ ఎత్తును ఒత్తును కొలిచి నిర్ణయించాలి.

మరీ లావు అక్షరాలతోనూ చిక్కే. లోపలి గుండ్రటి ఖాళీ పూడిపోతే ద, ధలకూ బ, భలకూ తేడా చూపే చిన్న గీత కనపడదు. సన్నటి గీతలైతే ప్రసారంలో అదురుతాయి. మధ్యరకం లావు, అక్షరాల మధ్య తగిన ఎడం, వెనక ఒకే ముదురు రంగు ఉంటే గది రెండో మూల నుంచి కూడా చదవగలం. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా అక్షరాలను కూర్చే తెలివి లేని సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోయి పొల్లులుగా పడతాయి. ప్లేటు తెర మీద ఉండాల్సిన సమయానికి న్యూస్‌రూముల్లో ఒక పాత లెక్క ఉంది: పైకి రెండుసార్లు చదవగలిగినంత సేపు.

అంకెకు ప్రమాణం

2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్‌కున్న 33 క్రెస్టు గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. దిగువ కాలువ మీద బతికే ఆదోని, ఎమ్మిగనూరు రైతులకు అది పంటకు సంబంధించిన వార్త. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు సలహాతో దాదాపు వారంలో స్టాప్‌లాగ్‌లు అనే అడ్డుపలకలు దించి నీటిని ఆపారు.

ఇలాంటి వార్తను దృశ్యం ఒక్కటే చెప్పలేదు. గేటు ఎక్కడుంది, డ్యామ్‌లో ఎంత నీరుంది, ఎంత పోతోంది అన్నవి గ్రాఫిక్స్ చెప్పాలి. క్యూసెక్కు ప్రవాహానికి కొలత, అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28.3 లీటర్లు. టీఎంసీ నిల్వకు కొలత, అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. ఈ రెంటినీ కలిపి చూపితేనే అర్థం తేలుతుంది. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు వెళ్లిపోతాయి. దాదాపు 105.8 టీఎంసీల జలాశయానికి ఆ నష్టం ఎంతటిదో ఒక్క ప్లేటులో ఎవరికైనా అర్థమవుతుంది.

ధరల పట్టిక

ఆదోని యార్డు పత్తికీ, వేరుశనగకూ, ఆముదాలకూ పేరున్న మార్కెట్. మార్కెట్ నివేదికలో రోజూ మూడు ధరలుంటాయి: కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. స్క్రోలింగ్‌లో గరిష్ఠ ధర ఒక్కటే వేస్తే అది నిజమే అయినా రైతుకు తప్పుదారి చూపుతుంది. ఏ ఒకటి రెండు లాట్లకో పలికిన ధర అందరికీ వస్తుందన్న ఆశతో సరుకు తెచ్చినవాడు నష్టపోతాడు. మూడు ధరలూ, తేదీ, క్వింటా అన్న మాట ఉన్నప్పుడే ఆ వరుస పూర్తవుతుంది.

చార్టుల్లో మరో ప్రమాదం ఉంది. మధ్యరకం పింజ పత్తికి కనీస మద్దతు ధర 2024-25లో క్వింటాకు 7,121 రూపాయలు, 2025-26లో 7,710 రూపాయలు. పెరుగుదల 589 రూపాయలు, అంటే 8 శాతం పైచిలుకు. ఇదే లెక్కను నిలువు కడ్డీలుగా గీసి, అడుగును సున్నా బదులు 7,000 దగ్గర మొదలుపెడితే రెండో కడ్డీ మొదటిదానికి దాదాపు ఆరింతలు కనిపిస్తుంది. అంకెలు సరిగానే ఉంటాయి, కంటికి అందే అర్థం మాత్రం తప్పు. కడ్డీ చార్టు సున్నా నుంచే మొదలవ్వాలన్న నియమం ఇందుకే.

పటం ఎక్కడ ఆగాలి

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా విడిపోయాక కర్నూలు జిల్లా రూపం మారింది. పాత పటం వేసే చానల్ తప్పు చెబుతున్నట్టే. అయితే వరద వార్తకు జిల్లా సరిహద్దు దగ్గర ఆగే పటం కొత్తదైనా చాలదు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచింది. కర్నూలు నగరమూ నీట మునిగింది. ఆ నీరు వచ్చింది ఎగువన కర్ణాటక నుంచి. హోస్పేట డ్యామ్, మంత్రాలయం, కర్నూలు, శ్రీశైలం ఒకే నీటి దారి మీద కనిపిస్తే, వరద తమ ఊరికి ఎటు నుంచి వస్తుందో నందవరం, కోసిగి మండలాల ప్రజలు తెర చూసి పోల్చుకోగలరు.

వాతావరణ శాఖ హెచ్చరికల రంగులకు కచ్చితమైన అర్థాలున్నాయి. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి, నారింజ అంటే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోవాలి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ వర్షం. మామూలు వార్తకు కూడా ఎర్ర ప్లేటు వేయడం అలవాటైతే నిజమైన ఎర్ర హెచ్చరిక వచ్చిన రోజు చూపరి పట్టించుకోడు.

ఓట్ల లెక్కింపు

గ్రాఫిక్స్‌కు అన్నిటికన్నా పెద్ద పరీక్ష లెక్కింపు రోజు. 2024 జూన్ 4న ఆంధ్రప్రదేశ్ శాసనసభ 175 స్థానాల్లో తెలుగుదేశం 135, జనసేన 21, బీజేపీ 8, వైఎస్సార్ కాంగ్రెస్ 11 గెలిచాయి. బీజేపీ గెలిచిన ఎనిమిదిలో ఆదోని ఒకటి, ఎమ్మిగనూరు తెలుగుదేశానిది. మొదటి మూడు పార్టీల కూటమి మొత్తం 164 అని ఒకే రంగులో చూపితే ఆదోని ఫలితం ఏ పార్టీదో తెలియదు. పార్టీల వారీగా మాత్రమే చూపితే ప్రభుత్వం ఎవరిదో వెంటనే తెలియదు. ఒకే కడ్డీలో మూడు రంగులు పేర్చి, మెజారిటీకి కావలసిన 88 దగ్గర గీత గీస్తే రెండూ తెలుస్తాయి. 'ఆధిక్యం', 'గెలుపు' అన్న మాటలు వేర్వేరుగా కనపడాలి. ఎన్ని రౌండ్లు పూర్తయ్యాయో పక్కనే ఉండాలి.

తేదీ, ముసుగు, సవరణ

హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి జరిగే కర్రల సమరం ఏటా వార్తే. కొత్త దృశ్యాలు అందేలోపు నిరుటివి వేస్తే 'ఫైల్ విజువల్స్' అన్న మాట దృశ్యం ఉన్నంతసేపూ ఉండాలి. ప్రకృతి విపత్తులు, పెద్ద ప్రమాదాల దృశ్యాల మీద తేదీ, సమయం చూపాలని 2024 ఆగస్టులో కేంద్ర సమాచార, ప్రసార శాఖ చానళ్లకు సూచించింది. పాత వరదను కొత్తదనుకుని జనం హడలిపోకుండా కాపాడేది ఆ చిన్న వరుసే.

కొన్నిచోట్ల గ్రాఫిక్స్ పని దాచడం. లైంగిక నేరాల బాధితులనూ, కేసుల్లో ఉన్న పిల్లలనూ గుర్తుపట్టేలా చూపడం చట్టరీత్యా నేరం. ముఖం మసకబరిస్తే చాలదు. ఇల్లు, బడి యూనిఫాం, బంధువుల పేర్లు, ఊరి పేరు ఉన్న పట్టీ కూడా ఆ మనిషిని పట్టిస్తాయి. చిన్న ఊళ్లలో వీటిలో ఏ ఒక్కటైనా చాలు.

తెర మీద పడిన తప్పును నోటితో సరిదిద్దితే చదివి వెళ్లిపోయినవాడికి అందదు. తప్పు అంకె స్క్రోలింగ్‌లో వస్తే సరైన అంకె స్క్రోలింగ్‌లోనే, 'సవరణ' అన్న మాటతో, తప్పు నడిచినంతసేపూ నడవాలి. ధర చూసి సరుకు ఎత్తే రైతుకూ, నీటిమట్టం చూసి ఇల్లు ఖాళీ చేసే కుటుంబానికీ చానల్ ఇవ్వాల్సిన కనీస హామీ ఇది.