గాలికీ ఒక నీరుగంటి కావాల

చెరువు కాలవ మొదట్లో ఉన్నోడు మడి నిండా నీళ్లు కట్టుకుంటే ఆఖర్లో ఉన్నోనికి ఏం మిగుల్తుంది? గాలిమరల కతా ఇంతే.

అనంతపురం దిక్కు మరల మధ్య అంతంత ఎడం చూసి "ఆ ఖాళీలో ఇంకో నాలుగు పెడితే కరెంటు ఇంకా వస్తాది కదా" అంటారు మనోళ్లు. వస్తాది గానీ, అనుకున్నంత రాదు. రెక్కలు తిరిగేదే గాలిలోని బలాన్ని గుంజుకుని. అందుకే మర దాటినాక గాలి నీరసపడతాది, సుళ్లు తిరుగుతాది. ఎనకున్న మరకు ఆ గాలే దిక్కు. గాలి వేగం 10 శాతం తగ్గితే దాంట్లోని శక్తి 27 శాతం పడిపోతాది. పైగా ఆ సుళ్లకు రెక్కలు అదురుతాయి, రిపేర్లు పెరుగుతాయి.

డెన్మార్క్ సముద్రంలో హార్న్స్ రెవ్ అనే చోట 2002లో 80 మరలు నిలబెట్టినారు. వరసలో ఒకదానికొకటి 560 మీటర్ల ఎడం. ఐనా గాలి సరిగ్గా వరస ఎంబడి వీస్తే, మొదటిదానికన్నా రెండో మరకు 40 శాతం దాకా కరెంటు తగ్గుతాది. 2008లో అక్కడ తీసిన ఒక ఫొటోలో మర ఎనక మర తోక మాదిరి పొగమంచు సాగి, ఆ సుళ్లు కంటికే కనపడినాయి.

కాబట్టి ఆ ఎడం వృథా కాదు. దాంట్లో వేరుశనగ ఏసుకోవచ్చు. అసలు పేచీ వేరే ఉంది. పాత మరలకు గాలొచ్చే దిక్కున ఇంకో కంపెనీ కొత్తవి పాతితే నష్టం ఎవరిది? మనూరి గుట్ట మీదికి మరలొస్తే ఎన్ని అని మాత్రమే కాదు, ఎవరి గాలికి ఎవరు అడ్డం అని కూడా అడగాల. నీళ్లు పంచేదానికి నీరుగంటి ఉన్నట్టే, గాలికీ ఒకడుండాల.