ఒకటే పల్లవి... ఇద్దరు దొరలు!

తెల్లదొరల మీద ఓ పాట పుట్టింది. ఊరూరా మోగింది. అదింకా జనం నోళ్లలో నానుతుండగానే రాజమండ్రి నుంచి మరో పాట వచ్చింది. మరి మా నెత్తినెక్కిన నల్లదొరల సంగతేంటని అడిగింది!

గరిమెళ్ల సత్యనారాయణది శ్రీకాకుళం ప్రాంతంలోని గోనెపాడు. పేద కుటుంబం. ఓ ప్లీడరుగారి సాయంతో బీఏ దాకా చదివారు. రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న రోజుల్లో గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునివ్వడంతో చదువు వదిలేసి ఉద్యమంలోకి దూకారు. 'మాకొద్దీ తెల్లదొరతనము' అప్పటి పాటే.

అంతకుముందు గోదావరి తీరాన దేశభక్తి కవిత్వం లేదని కాదు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు ఆశువుగా చెప్పిన పద్యం ఇప్పటికీ పెద్దల నోట వినిపిస్తుంది. కానీ పద్యం పద్యమే! అప్పజెప్పడానికి కాస్త చదువుండాలి. పాటకు అదేమీ అక్కర్లేదు. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు. పైగా గరిమెళ్ల పాటలో ఉన్నదంతా సామాన్యుడి గోడే... పంటలున్నా నిండని కంచం, ఉప్పు మీద ఆంక్షలు, సారా దుకాణాలు. కలెక్టరు బ్రేకన్ కవిని పిలిపించుకుని పాటంతా పాడించుకున్నారనీ, తెలుగు సరిగా రాకపోయినా అందులోని వేడి తెలుస్తోందన్నారనీ చెబుతారు. 1922లో ఏడాది జైలు. బయటికొచ్చి మళ్లీ పాడారు. మళ్లీ జైలు!

కుసుమ ధర్మన్న రాజమండ్రి మనిషే. దళితుడు, ఆయుర్వేద వైద్యుడు. తర్వాత 'జయభేరి' పత్రిక నడిపారు. తెల్లదొర ఎక్కడో కచేరీలో ఉంటాడు. పేటల్లోని కూలీకి పొద్దున లేస్తే ఎదురయ్యే దొర ఊళ్లోనే ఉన్నాడు. 1921 ప్రాంతంలో ధర్మన్న ఆ పల్లవిలో ఒక్క మాట మార్చి 'మాకొద్దీ నల్లదొరతనము' రాశారు.

ఆ కోపం అర్థం కావాలంటే డెల్టాను ఓసారి తలచుకోవాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువలొచ్చాయి, వరి విస్తరించింది. కాటన్ దొరకు మనం నేటికీ దండలు వేస్తూనే ఉన్నాం. నడుం వంచి నాట్లేసిన పేటలవాళ్లలో ఎందరికి ఆ చేల మీద హక్కు దక్కింది? పాలేరుగా కుదిరితే ఏడాదికింతని ధాన్యం. అవసరానికి రైతు దగ్గర చేసిన అప్పు తీరక మరుసటేడూ ఆ గుమ్మంలోనే చాకిరీ. గుళ్లోకి రానివ్వరు, ఊరి బావి ముట్టనివ్వరు. స్వరాజ్యం వస్తే ఇవన్నీ పోతాయా అన్నది ధర్మన్న ప్రశ్న. స్వాతంత్ర్యం వద్దనడం కాదది. వచ్చేది ఎవరికో ముందే తేల్చమనడం. గరిమెళ్ల పల్లవి బలం కూడా ఇక్కడే తెలుస్తుంది. తెల్లవాడి మీదికి విసిరిన మాట పాలేరు చేతికీ అందింది మరి!

ఆ పాలేరు బతుకునే కోనసీమలోని మామిడికుదురుకు చెందిన బోయి భీమన్న తర్వాత నాటకంగా రాశారు. 'పాలేరు'లో కుర్రాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు.

గరిమెళ్లకు స్వాతంత్ర్యం వచ్చాకా కష్టాలు తీరలేదు. మద్రాసులో పత్రికల్లో పనిచేశారు. చివరికి జబ్బుపడి, కటిక పేదరికంలో 1952 డిసెంబరు 18న కన్నుమూశారు. ధర్మన్న పేరైతే సాహిత్య చరిత్రల్లోనూ చాన్నాళ్లు పెద్దగా వినిపించలేదు. 1985లో కారంచేడు మారణకాండ తర్వాత ఊపందుకున్న దళిత సాహిత్యోద్యమం ఆయన్ను వెతికి మళ్లీ బయటికి తెచ్చింది.