‘ఫ్రీ జాజ్’ ఆల్బమ్: సామూహిక ఆశుకల్పనలో స్వేచ్ఛ - నియమం

ఉపోద్ఘాతం:

జాజ్ సంగీతానికి ఆశుకల్పన ప్రాణం. అయితే ఆ కల్పనకు ఆధారం ఏది అనే ప్రశ్నకు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క సమాధానం లభించింది. 1940లలో రూపుదిద్దుకున్న బీబాప్ శైలిలో ముందే నిర్ణయించిన కార్డుల వరుస ప్రధానమైన ఆధారం. ఆ వరుస ఆవృత్తమవుతూ ఉండగా వాద్యకారుడు దానికి లోబడి కొత్త స్వరగతులను అల్లుతాడు. ఈ కట్టుబాటును సడలించిన వారిలో ఆర్నెట్ కోల్‌మన్ (1930-2015) ముఖ్యుడు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, ఫోర్ట్‌వర్త్ నగరంలో జన్మించిన ఈ ఆల్టో శాక్సఫోన్ విద్వాంసుడు రూపొందించిన ‘ఫ్రీ జాజ్’ ఆల్బమ్‌లో స్వేచ్ఛ ఏ అర్థంలో ఉన్నదో, నియమం ఎక్కడ నిలిచి ఉన్నదో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

ధ్వనిముద్రణ - వాద్యబృందం:

1960 డిసెంబరు 21న న్యూయార్క్‌లో ముద్రితమైన ఈ ఆల్బమ్‌ను అట్లాంటిక్ సంస్థ 1961లో విడుదల చేసింది. దాదాపు 37 నిమిషాల ఏకఖండ రచన ఇది. ఇందులో రెండు చతుష్టయాలు ఒకేసారి వాయిస్తాయి. స్టీరియో ముద్రణలో ఎడమవైపు కోల్‌మన్, డాన్ చెర్రీ (పాకెట్ ట్రంపెట్), స్కాట్ లఫారో (బేస్), బిల్లీ హిగ్గిన్స్ (డ్రమ్స్) వినిపిస్తారు. కుడివైపు ఎరిక్ డాల్ఫీ (బేస్ క్లారినెట్), ఫ్రెడ్డీ హబ్బర్డ్ (ట్రంపెట్), చార్లీ హేడెన్ (బేస్), ఎడ్ బ్లాక్‌వెల్ (డ్రమ్స్) ఉంటారు. పియానో లేదు. కార్డులను నిరంతరం గుర్తుచేసే వాద్యం లేకపోవడం వల్ల స్వరగతికి వెసులుబాటు పెరిగిందని గ్రహించాలి.

నిర్మాణ విశ్లేషణ:

పేరును బట్టి ఇది నియమరహితమని భావించడం పొరపాటు. ముందుగా కూర్చిన చిన్న సమష్టి ఖండికలు రచనను భాగాలుగా విభజిస్తాయి. వాటి మధ్య ఎనిమిదిమందీ వంతులవారీగా ప్రధాన వాద్యకారులవుతారు. ఒకరు ముందు నిలిచినప్పుడు తక్కినవారు మౌనంగా ఉండనవసరం లేదు. ఆయన పలికించిన పదబంధాన్ని అందుకోవచ్చు, మార్చవచ్చు, ఎదురుపలకవచ్చు. లయ మాత్రం చాలావరకు స్థిరంగా నడుస్తుంది. అంటే ఇక్కడ తొలగినది కార్డుల ఆవృత్తి మాత్రమే. వంతుల క్రమం, లయ, పరస్పర శ్రవణం తొలగలేదు.

కర్ణాటక సంగీతంలోని మనోధర్మంతో దీనిని పోల్చినప్పుడు భేదం స్పష్టమవుతుంది. అక్కడ కల్పనకు రాగలక్షణం హద్దు. ఇక్కడ అటువంటి ముందస్తు స్వరనియతి లేదు. తోటివారి స్పందనే హద్దును ఏర్పరుస్తుంది.

విమర్శ - ప్రభావం:

‘డౌన్‌బీట్’ పత్రిక 1962లో ఈ ఆల్బమ్‌పై రెండు సమీక్షలను ప్రచురించింది. ఒక విమర్శకుడు ఐదు నక్షత్రాలు ఇవ్వగా, మరొకరు ఒక్కటీ ఇవ్వలేదు. కార్డుల వరుసను కొలమానంగా గ్రహించిన చెవికి గందరగోళంగా తోచిన అంశమే, సంభాషణను వెదకిన చెవికి క్రమంగా వినిపించింది. ముఖచిత్రానికి జాక్సన్ పొలాక్ ‘వైట్ లైట్’ను ఎంచుకోవడం కూడా ఈ సందర్భంలో గమనార్హం. ఒకే కేంద్రబిందువు లేకుండా తలమంతటా వ్యాపించిన రేఖలు ఆ చిత్రకారుని శైలి. 1965లో పదకొండుమందితో జాన్ కోల్ట్రేన్ ముద్రించిన ‘అసెన్షన్’లోనూ సమష్టి ఖండికలు, వ్యక్తిగత వాదనం ఒకదాని వెంట ఒకటి రావడం కనిపిస్తుంది. కాలక్రమంలో ఈ ఆల్బమ్ పేరే ఒక సంగీతశాఖకు పేరుగా స్థిరపడింది.

ముగింపు:

నియమాన్ని త్యజించడం కాక, దానిని ముందే రాసిపెట్టిన చట్రం నుండి వాద్యకారుల పరస్పర బాధ్యతకు బదలాయించడం ‘ఫ్రీ జాజ్’ సాధించిన మార్పు. ఎదుటివారిని వినని వాద్యకారునికి ఈ స్వేచ్ఛ ఉపకరించదు. ఆశుకల్పన గల ఏ కళారూపాన్ని పరిశీలించేటప్పుడైనా, నియమాలు ఉన్నాయా లేవా అన్న ప్రశ్న కంటే అవి ఎక్కడ నెలకొని ఉన్నాయన్న ప్రశ్న ఎక్కువ ఫలవంతమని ఈ ఆల్బమ్ నిరూపిస్తున్నది.