విమాన యంత్రమునకు కావలివాడు

హైదరాబాదునకు ఉత్తరమున శామీర్‌పేట చెరువు గట్టుపై నిలిచినవారికి విమానముల మ్రోత క్రొత్త కాదు. నగరమునుండి వచ్చు త్రోవలోనే హకీంపేట వైమానిక స్థావరము కలదు. మేడ్చలునకు పడమట దుండిగల్లున వైమానిక దళ అకాడమీ కలదు.

హకీంపేటలో చిరకాలము యువకులకు శిక్షణ నిచ్చినది 'కిరణ్' అను జెట్ విమానము. 1964లో తొలిసారి ఎగిరిన ఈ విమానమున, యంత్రమునకు పోవలసిన ఇంధనమును కవాటములు, స్ప్రింగులు గల పరికరము కొలిచి పంపును. చోదకుడు థ్రాటిల్ పిడిని ముందునకు త్రోయుచు, ఒక కన్ను ఉష్ణమాపకముపై నుంచవలెను. తొందరపడినచో ఇంధన మెక్కువై యంత్రము మితిమీరి కాగవచ్చును. లోపలి గాలి ప్రవాహము చెదరి యంత్రము ఉక్కిరిబిక్కిరి కావచ్చును. పైగా హైదరాబాదు సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైబడి ఎత్తున నున్నది. వేసవిలో ఇచ్చటి గాలి మరింత పలుచబడును. జనవరి తెల్లవారుజామున చాలిన పిడి స్థానము మే నెల మధ్యాహ్నమున చాలదు.

అదే ఆకాశమున శంషాబాదునకు సాగు ప్రయాణికుల విమానములలో ఈ లెక్కను కంప్యూటరు చేయుచున్నది. దీనిని 'ఫాడెక్' అందురు. 1984లో బోయింగ్ 757 విమానములపై సేవకు వచ్చిన ప్రాట్ అండ్ విట్నీ యంత్రముతో ఇది ప్రయాణికుల విమానములలో ప్రవేశించెను. గాలి వేడిమిని, పీడనమును, యంత్ర భ్రమణ వేగమును సెకనునకు పలుమార్లు గ్రహించి, ఇది తగినంత ఇంధనమునే విడుచును. చోదకుడు పిడిని ఒక్కపెట్టున త్రోసినను, యంత్రము ఓర్వగలిగిన వేగముననే ఇంధనము పెరుగును. అందువలన ఇంధనము ఆదా యగును. కాగి కాగి చెడిపోవు లోపలి రెక్కల ఆయువు పెరుగును.

కాని పిడికిని కవాటమునకును నడుమ విద్యుత్తీగలే తప్ప వేరు లంకె లేదు. కంప్యూటరే చెడినచో ఏమగును? ఇది అడుగవలసిన ప్రశ్నయే. అందుచేతనే ప్రతి యంత్రమునకు రెండేసి కంప్యూటరు శాఖలుండును. ఒకటి తప్పినచో రెండవది పని నందుకొనును. విమానమున విద్యుత్తు పోయినను, యంత్రమే త్రిప్పెడి చిన్న జనరేటరు వీటికి విద్యుత్తు నిచ్చును. రెండు శాఖలును చెడుట మిక్కిలి అరుదు. చెడినచో మాత్రము పాత పద్ధతిని చోదకుని చేతికి అప్పగించు ఏర్పాటు లేదు, మిగిలిన యంత్రముతోనే నేలకు దిగవలెను. ఇక చెరువు పక్షి యేదైన లోపల పడినచో, విరిగిన రెక్కను అతికించుట ఈ కావలివానికిని చేతగాదు.

ఏ భాగము ఎప్పుడు తడబడినదో కూడ ఇది వ్రాసి యుంచును. 2025 నవంబరులో శంషాబాదున సాఫ్రాన్ సంస్థవారి లీప్ యంత్రముల మరమ్మతు శాల ప్రారంభమైనది. ఎయిర్‌బస్, బోయింగ్ విమానములను నడుపు ఆ యంత్రములకును ఫాడెక్కే కావలి. ఇట్టి యంత్రమును బాగుచేయు పనివాడు పానా చేతబట్టుటకు ముందే దాని చిట్టాను చూచి, లోప మెచ్చట నున్నదో చాలవరకు తెలిసికొనగలడు.