గడ్డిలో శవం, కంచలో జింక

2025 మార్చి ఆఖర్లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి 400 ఎకరాల అడవిలోకి చెట్లు కొట్టడానికి బుల్డోజర్లు దిగాయి. ఒకవైపు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, మరోవైపు ఐటీ కారిడార్ అద్దాల మేడలు. రోజుల్లోనే అందరి ఫోన్లలోనూ ఆ అడవే. నిజం ఫొటోల పక్కనే ఏఐ బొమ్మలూ చేరాయి. పుట్టగొడుగు ఆకారపు రాయి ముందు జింక, నెమలి, బుల్డోజర్లు ఉన్న జిబ్లీ శైలి ఏఐ బొమ్మను షేర్ చేసిన సీనియర్ ఐఏఎస్ అధికారికి పోలీసుల నోటీసు అందింది. చర్చ చెట్ల మీంచి బొమ్మల మీదికి మళ్లింది.

ఫొటోను ఎంతవరకు నమ్మాలన్న ఈ చిక్కునే 1966లో ఇటలీ దర్శకుడు ఆంటోనియోని ‘బ్లో-అప్’ సినిమాగా తీశాడు. లండన్ మారియన్ పార్కులో ఓ జంటను ఫొటోలు తీస్తాడు ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్. ఫిల్ము ఇచ్చెయ్యమని ఆ జంటలోని స్త్రీ వెంటపడుతుంది. అనుమానంతో ప్రింట్లు పెద్దవి చేస్తాడు. ఆమె చూపు పోతున్న దిక్కున వెతికితే పొదల్లో పిస్తోలు, మరో ప్రింటులో గడ్డి మీద మనిషి లాంటి ఆకారం. రాత్రి వెళ్తే శవం ఉంది, చేతిలో కెమెరా లేదు. తెల్లారి కెమెరాతో వెళ్తే శవం లేదు. ప్రింట్లన్నీ ఎవరో ఎత్తుకుపోగా మిగిలిన ఒక్కదానిలో కనిపించేవి చుక్కలే.

ఆ చుక్కలు వెండివి. ఫిల్ము మీది వెండి లవణాల్లో వెలుగు సోకినవి డెవలపర్‌లో నల్లటి రేణువులవుతాయి. ఫొటోను ఎంత పెద్దది చేసినా ఆ రేణువులే పెద్దగా కనిపిస్తాయి, కొత్త వివరం పుట్టదు. ఏఐ అలా ఊరుకోదు. మసక ఫొటోను స్పష్టం చెయ్యమంటే, తాను నేర్చుకున్న బొమ్మలను బట్టి అక్కడ ఏముండొచ్చో ఊహించి గీస్తుంది. నాకు భయమేసేది ఇక్కడే. ఆ ఊహలో వెంట్రుకతో సహా అన్నీ ఉంటాయి, సందేహం మాత్రం ఉండదు.

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆదేశంతో తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్ స్వయంగా కంచ గచ్చిబౌలికి వెళ్లారు. ఫొటోలతో అందిన రిజిస్ట్రార్ నివేదిక ప్రకారం దాదాపు వంద ఎకరాలు ధ్వంసమయ్యాయి. నెమళ్లు, జింకలు కనిపించాయి. అదే రోజు కోర్టు పనులు ఆపించింది. నిజంగా జింకలున్న చోట నకిలీ జింక అక్కర్లేదు. అది నిజం జింకకే అపకారం చేసింది, అక్కడ జింకలే లేవనడానికి ఓ సాకు ఇచ్చింది.

మీ కళ్ల ముందు చెరువో చెట్టో పోతుంటే ఫొటో తీయండి. మసగ్గా ఉన్నా మెరుగులు దిద్దకండి. అసలు ఫైలును, తేదీని, చోటును భద్రంగా ఉంచండి.