గిటారుకు తోడు ఏ యాంప్?

వార్షికోత్సవాల కాలం వచ్చిందంటే మన బడుల్లో కోలాటం, ఏకపాత్రాభినయం, దేశభక్తి గీతాల సరసన ఇప్పుడు గిటారు కూడా కనిపిస్తోంది. చుట్టూ ఏ భాష వినిపించినా పిల్లలు వేదికెక్కి తెలుగు పాట పాడతామంటే అంతకన్నా కావలసిందేముంది? అయితే ఎలక్ట్రిక్ గిటారు ఒంటరిగా గట్టిగా పలకదు. దానికి యాంప్లిఫయర్ కావాలి. ‘ఏది కొనమంటారు మాస్టారూ?’ అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. అందుకే మేము ఏమేం చూస్తామో, ఏది మెచ్చుకుంటామో ఇక్కడ చెబుతున్నాం.

గిటారు తీగ కదిలితే దాని కింది పికప్‌లో చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది. ఇది పదో తరగతిలో మనం చెప్పే విద్యుదయస్కాంత ప్రేరణే. ఆ సంకేతాన్ని యాంప్ పెంచి స్పీకరుకు అందిస్తుంది. అయితే పెంచడం ఒక్కటే దాని పని కాదు, గిటారు గొంతును తీర్చేది కూడా అదే. గిటారు స్పీకరు సుమారు 5 వేల హెర్ట్జ్ దాటిన శబ్దాలను పెద్దగా పలికించదు. అందుకే ఇంట్లోని మ్యూజిక్ సిస్టమ్‌కు తగిలిస్తే అదే గిటారు గరగరలాడుతుంది.

పేరున్న యాంప్‌లు కొన్ని ఉన్నాయి. బీటిల్స్ వేదికల మీద వినిపించింది వాక్స్ ఏసీ 30. లండన్‌లో డ్రమ్ముల దుకాణం నడిపిన జిమ్ మార్షల్, ఫెండర్ బాస్‌మన్‌ను నమూనాగా పెట్టుకుని 1962లో జేటీఎం 45 తెచ్చాడు. ఫెండర్ ట్విన్ రివర్బ్ 85 వాట్లది, 12 అంగుళాల స్పీకర్లు రెండు. ఇవన్నీ వాల్వులతో పనిచేసేవి. 1975లో వచ్చిన రోలండ్ జేసీ 120 మాత్రం ట్రాన్సిస్టర్లది.

వాల్వు యాంప్‌ను గట్టిగా వాయిస్తే స్వరం కాస్త చిట్లి కమ్మగా వినిపిస్తుంది. దాన్నే ఎందరో ప్రేమిస్తారు. కానీ వాల్వులు అరుగుతాయి, వేడెక్కుతాయి, మార్చాలంటే తెలిసిన మెకానిక్ దొరకాలి. స్పీకరు తగిలించకుండా ఆన్ చేస్తే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. పెద్దవైతే 30 కిలోల దాకా తూగుతాయి. ఆటోలో వేసుకుని కళ్యాణమండపం మెట్లెక్కించే మన పిల్లలకు అది భారమే.

ఇక వాట్ల సంగతి. 50 వాట్ల కన్నా 100 వాట్లది రెండింతలు గట్టిగా వినిపిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు అనిపించాలంటే సుమారు పది రెట్లు శక్తి కావాలి. పైగా హాలంతా నింపే పని యాంప్‌ది కాదు. దాని ముందు ఒక మైకు పెడితే బడి సౌండ్ సిస్టమే ఆ పని చూసుకుంటుంది. వాయించేవాడికీ పక్కనున్న డ్రమ్ముల పిల్లవాడికీ వినిపిస్తే యాంప్ పని అయినట్టే.

ఇవన్నీ తూచి చూస్తే మా ఓటు జేసీ 120కే. గంట కొట్టినట్టు స్వచ్ఛంగా పలుకుతుంది, వాల్వుల బెడద లేదు. అయితే అదీ బరువైనదే. కాబట్టి బడికి ఆ వరుసలోనే 40 వాట్ల జేసీ 40 చాలు. ఆ ఖరీదూ ఎక్కువనిపిస్తే ఏ కంపెనీదైనా 30 నుంచి 50 వాట్ల లోపు, 12 అంగుళాల స్పీకరు ఒకటి ఉన్న ట్రాన్సిస్టర్ యాంప్ చూడండి. ఇయర్‌ఫోన్ పెట్టుకునే వీలుంటే ఇంట్లో సాధనకు ఇరుగుపొరుగు ఇబ్బంది పడరు.

దుకాణానికి పిల్లవాణ్నీ, వాడి గిటారునూ వెంట తీసుకెళ్లండి. వాడికి వచ్చిన పాటే వాయించమనండి. వాల్యూమ్ పెంచి, తీగలు ముట్టకుండా ఒక నిమిషం వినండి. బుస ఎంతుందో తెలుస్తుంది. తర్వాత దాన్ని వాడి చేతే ఎత్తించి చూడండి. అమెరికా నుంచి బంధువులు తెచ్చేదైతే అది 120 వోల్టులదేమో వెనకవైపు చూడాలి. మన 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే పాడవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఎర్త్. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారు కళాకారుడు ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకుని వేదిక మీదే ప్రాణం పోగొట్టుకున్నాడు. గిటారు తీగలు యాంప్ ఎర్త్‌తో కలిసి ఉంటాయి. మైకులో కరెంటు పారుతుంటే ఆ రెంటి మధ్య చిక్కేది పిల్లవాడి ఒళ్లే. హమ్ వస్తోందని ప్లగ్గు మూడో పిన్ను తీసేయడం ఎవరు చేయబోయినా ఆపండి. యాంప్, మైకు సిస్టమ్ రెండింటికీ ఎర్త్ సరిగా ఉన్న ఒకే లైను నుంచి కరెంటు ఇప్పించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. షామియానా కింద తడి ఉంటే కార్యక్రమం ఆలస్యమైనా సరే, ముందు ఎలక్ట్రీషియన్ చూడాలి.

చెవుల మాటా మరవకూడదు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలకు మించి వినకూడదన్నది పని ప్రదేశాల్లో పాటించే ఒక లెక్క. అక్కణ్నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100కు చేరితే మిగిలేది 15 నిమిషాలే. నేల మీద పెట్టిన యాంప్ మోత ముందు వరుసలోని చిన్న పిల్లల చెవులకే సూటిగా తగులుతుంది. దాన్ని కుర్చీ మీద పెట్టి వాయించేవాడి చెవి వైపు వంచితే తక్కువ వాల్యూమ్‌తోనే సరిపోతుంది.

చివరగా, రిహార్సల్ రోజున తెలుగు టీచరును ఆఖరి వరుసలో కూర్చోబెట్టండి. పాటలో ప్రతి మాటా ఆమెకు స్పష్టంగా అందాలి. అందకపోతే గిటారు వాల్యూమ్ తగ్గించండి.