బడి కాలువ నుండి కొల్లేటికి

ఏలూరులో బడి ముందరి మురుగుకాలువలో పడిన ప్లాస్టిక్ సంచి ఎచ్చటికి పోవును? వానకాలమున తమ్మిలేటికి, అచ్చటినుండి కొల్లేటికి. బుడమేరు, రామిలేరు తెచ్చునవియు అచ్చటికే. వచ్చు త్రోవలు అనేకము. సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే. అదియు సుమారు 60 కిలోమీటర్లు మందముగా సాగును. కావున చేరిన చెత్త అంత తేలికగా బయటపడదు. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు ఇది. ఆటపాక గూడబాతులకు ఆహారమిచ్చుచున్న నీరిది.

2006లో ప్రభుత్వము అక్రమపు చేపలచెరువుల గట్లు తెగగొట్టించినది. అది బడిపిల్లల పని కాదు. వారి పని తరగతిగదిలోనే కలదు: తడిచెత్తను పొడిచెత్తతో కలియనీయకుండుట. పులుసు మరక పడిన కాగితమును పాతకాగితముల వర్తకుడు కొనడు. పొడికాగితము మిల్లులో గుజ్జై మరల కాగితమగును. అయితే గుజ్జైన ప్రతిసారియు పీచు పొట్టిదగును. అందుచేత మిల్లుకు పంపుటకు ముందే రెండు వైపుల వ్రాసి ముగించుట మేలని మా అభిప్రాయము.

నిరుటి పుస్తకములలో మిగిలిన తెల్లకాగితములతో చిత్తుపుస్తకము కుట్టుకొనుట మన ఇండ్ల పాత అలవాటే. ఏలూరు, తాడేపల్లిగూడెము ఉపాధ్యాయులలో మా శ్రోతలున్నచో మేము కోరునది ఒక్కటి: బడి తెరచిన మొదటివారమున ఈ కుట్టుపనికి ఒక పీరియడు ఇండు. తల్లిదండ్రులకు పుస్తకముల ఖర్చును కొంత తగ్గును.